నినియన్ ఇచ్చిన నలభై తొమ్మిది

మా లాంగ్‌షీల్ ఊళ్లో నినియన్ ప్రింగిల్ మార్కులంటే అందరికీ హడల్. అతను బడిపంతులేమీ కాదు. ఇళ్ల పైకప్పులకు పలకరాళ్లు పరిచే పనివాడు. కానీ ఏటా జూన్ నెలలో టౌన్‌హాల్లో జరిగే బీరు పోటీకి అతనే పెద్ద జడ్జి. ఊళ్లో సగం మంది తమ షెడ్లలో, గరాజుల్లో కాచుకున్న బీరు తెచ్చి అతని ముందు పెడతారు. అతను వాసన చూస్తాడు, గ్లాసు కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తాడు, ఒక గుక్క నోట్లో పోసుకుని కళ్లు మూసుకుంటాడు. ఆ తర్వాత యాభైకి ఇరవై రెండంటాడు. లేకపోతే పద్దెనిమిది. ఒకసారి డాడ్ హిస్లప్‌కి ముప్పై ఆరు వేశాడు, అతని చేతి నుంచి అంతకు మించి ఎవరికీ రాలేదు. డాడ్ గొర్రెల మందలున్న మోతుబరి, గుండె గట్టి మనిషే, అయినా ఆ రోజు హాలు బయటికెళ్లి కళ్లు తుడుచుకున్నాడు.

రెండో జడ్జి వాటీ టెయిట్. అతనిది మాంసం కొట్టు. ఎవరిదైనా సరే నలభై అయిదు వేసి ఊరుకుంటాడు. "నా కొట్టుకి రావలసినవాళ్లే కదా అందరూ, ఎవరితో చెడగొట్టుకోమంటావ్?" అంటాడు. అందుకని గెలుపోటములన్నీ నినియన్ నాలుక మీదే ఉంటాయి.

మా అక్క సెంగా స్కూలు బస్సు నడుపుతుంది. ఆరడుగుల మనిషి. నవ్విందంటే బస్సు అద్దాలు అదురుతాయి. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "పక్కన కూర్చుని బ్రేకెయ్యి బ్రేకెయ్యి అని అరవని మగాడు దొరకలేదమ్మా" అంటుంది. నా భర్త పోయాక నేను ఆమె ఇంట్లోనే పై గదిలో ఉంటున్నాను. నినియన్ ఇల్లు మా ఇంటి పక్కనే. మధ్యలో నడుమెత్తు రాతి గోడ. అతను కూడా పెళ్లి లేకుండానే అరవై దాటాడు. తల్లి ఉన్నంత కాలం తల్లితో మాట్లాడేవాడు. ఆమె పోయాక ఎక్కువగా పైకప్పుల మీద కాకులతో మాట్లాడుతుంటాడని ఊళ్లో అనుకుంటారు.

అక్క కాచేది ఒక్కటే రకం. ముదురు రంగు, చిక్కటి మాల్టు, గట్టి మత్తు. మా వైపు దాన్ని 'వీ హెవీ' అంటారు. పేరులో 'బుల్లి' అన్న అర్థముంది గానీ ఆ బీరులో బుల్లితనం ఏ కోశానా ఉండదు. రెండు గ్లాసులు తాగినవాడు ఇంటికి గోడలు పట్టుకుని వెళ్లాలి. మొలకెత్తించి వేయించిన బార్లీని వేడినీళ్లలో నానబెట్టి, మొదట దిగిన తియ్యటి రసంలో కొంత విడిగా తీసి, ఇనప మూకుడులో ముదురు పాకం వచ్చేదాకా కాస్తుంది అక్క. అప్పుడు లేచే ఆవిరి అంతా ఇంతా కాదు. అది మా షెడ్డులోంచి బయలుదేరి, గోడ దాటి, తిన్నగా నినియన్ బట్టలారేసుకునే తాడు దగ్గరికి వెళుతుంది.

"సెంగా! నా చొక్కాలు మళ్లీ మిఠాయి కొట్టు కంపు కొడుతున్నాయ్!" అని గోడ అవతలి నుంచి అతని కేక.

"మంచిదేగా! మనుషులెటూ నీ దగ్గరికి రారు, ఈగలైనా వస్తాయ్!" అని ఇవతలి నుంచి ఈమె జవాబు.

ఇలా ఏళ్ల తరబడి సాగింది. కిందటేడాది మాత్రం వ్యవహారం ముదిరింది. పోటీలో ఏ గ్లాసు ఎవరిదో జడ్జిలకు తెలియదు, నంబర్లే ఉంటాయి. అక్క బీరు తాగి నినియన్ పంతొమ్మిది వేశాడు. వేసి ఊరుకోకుండా లేచి నిలబడి, "ఇది కాచినవాళ్లెవరో రైలు అందుకోవాలన్నట్టు పరుగెత్తారు. ఇది పరుగెత్తించే సరుకు కాదు. చలికాలమంతా చీకట్లో దాని మానాన దాన్ని పడుకోనివ్వాలి. మనిషికి ఆ మాత్రం ఓర్పు లేకపోతే నిమ్మరసం చేసుకోవడం మంచిది" అన్నాడు. హాలంతా నవ్వింది. తర్వాత పేరు చదివారు. అక్క ముఖం చూడలేకపోయాను.

మర్నాడు అతను మా గేటు దగ్గరికొచ్చాడు. పాపం, సర్దిచెప్పాలనే వచ్చాడనుకుంటాను. టోపీ చేతిలో పట్టుకుని, "సెంగా, అది నీదని నాకు తెలీదు. తెలిసినా పంతొమ్మిదే వేసేవాణ్ణనుకో..." అని మొదలుపెట్టాడు. అక్క చేతిలో రసం పిండేసిన బార్లీ పిప్పి బకెట్టుంది. ఆ బకెట్టు అతని బూట్ల మీద బోర్లించి లోపలికొచ్చేసింది. ఆ తర్వాత గోడ మీదుగా కేకలు కూడా ఆగిపోయాయి. ఆ కేకలు లేకపోయేసరికి ఇల్లు ఎంత బోసిపోయిందో చెప్పలేను.

కానీ అతనన్న మాట అక్క చెవిలోంచి పోలేదు. ఎండాకాలం సెలవులయ్యాక మళ్లీ మూకుడు పొయ్యెక్కించింది. ఈసారి పీపా షెడ్డు మూల చల్లటి చోట పెట్టి, దాని మీద నల్ల దుప్పటి కప్పి, ఇక ముట్టుకోలేదు. చలికాలం మధ్యలో ఒక రోజు, షెడ్డు కిటికీకి మంచు గడ్డ కట్టి ఉంది, నేను వెతుక్కుంటూ వెళితే పీపా ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని ఉంది.

"ఏం చేస్తున్నావక్కా ఇక్కడ?"

"ఆగుతున్నా."

"అలా కూర్చుని ఆగాలా?"

"నిలబడి ఆగితే మూత తీసేస్తానే రోనా. ఆగడం ఇంత కష్టమని ఆ మొండి వెధవ చెప్పలేదు చూశావూ!"

జూన్ వచ్చింది. పోటీ రోజున పొద్దున వాన కురిసి మధ్యాహ్నానికి ఎండ కాసింది. టౌన్‌హాల్లో తడి ఉన్ని కోట్ల వాసన, మటన్ కూరి కాల్చిన 'పై'ల వాసన కలిసిపోయి ఉన్నాయి. ఒక మూల అకార్డియన్ వాయించే పిల్ల శ్రుతి చూసుకుంటోంది. పోటీకి పెట్టని సీసాల్ని జనం ముందుగానే తెరిచేశారు, అందుకని మొదటి గ్లాసు జడ్జిల ముందుకు వెళ్లేసరికే హాల్లో గొంతులు ఒక మెట్టు పైకెక్కాయి. అక్క మాత్రం టీ తప్ప మరేదీ ముట్టలేదు. సాయంత్రం చుట్టుపక్కల ఊళ్లవాళ్లందరినీ బస్సులో దింపాల్సింది ఆమే. వెనకాల టీ బాయిలరు పక్కన చేతులు కట్టుకుని నిలబడింది.

తెర వెనక గ్లాసుల్లో పోయడం నా పని. ఏ నంబరు ఎవరిదో హాలు మొత్తానికి నా ఒక్కదానికే తెలుసు. అక్కది ఏడు.

ఆరో గ్లాసు దాకా మామూలే. నినియన్ ఇరవై నాలుగు, పదిహేడు, ఇరవై ఒకటి అంటూ పోయాడు. వాటీ నలభై అయిదు, నలభై అయిదు అంటూ పోయాడు. ఏడో సీసా తీసి వంచాను. పీపాలోంచి సీసాల్లోకి దింపాక నేను కూడా దాన్ని చూడలేదు. కెంపు రాయి కరిగించి పోసినట్టుంది. పైన లేత గోధుమ రంగు నురుగు. ట్రే తీసుకెళ్లి బల్ల మీద పెట్టి, నినియన్ ముఖం చూడకుండా ఉండాలని అతని టై చూస్తూ నిలబడ్డాను.

అతను వాసన చూశాడు. దించాడు. మళ్లీ చూశాడు. గ్లాసు వెలుతురుకి ఎత్తడం మర్చిపోయి నేరుగా ఒక గుక్క తీసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. మేం ఎదురుచూశాం. కళ్లు తెరవలేదు. మూసిన కళ్లతోనే రెండో గుక్క తాగాడు. ఒక కన్ను తెరిచి గ్లాసు ఉందో లేదో చూసుకుని, మళ్లీ మూసుకుని, మూడో గుక్క తాగాడు. రెండో గుక్క తాగిన నినియన్‌ని ఈ ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. తర్వాత అతని గొంతులోంచి ఒక చప్పుడొచ్చింది. పొలమారిందేమో అనుకున్నాను. అది నవ్వు. చిన్నపిల్లలకి చక్కిలిగింత పెడితే వచ్చే నవ్వు.

"ఒరేయ్, ఏమైందిరా నీకు?" అన్నాడు వాటీ.

"ముందు ఎండుద్రాక్ష," అన్నాడు నినియన్, ఎవరికో కలలో చెబుతున్నట్టు. "తర్వాత రొట్టె పైపెచ్చు, బాగా కాలినది. ఆ తర్వాత పాకం వస్తుందిరా వాటీ, అడుగంటబోయే ముందు క్షణంలో దించిన పాకం! తియ్యగా ఉందిలే అనుకునేలోపు ఆ తీపి తప్పుకుంటుంది. చివర కొంచెం పొగ. మింగాక కడుపులో ఎవరో చిన్న పొయ్యి రాజేసి, పక్కన కుర్చీ వేసి కూర్చోమంటున్నారు. రోనా, ఇంకాస్త పొయ్యవూ."

"ఒక్క గ్లాసే పొయ్యాలి. ఆ నియమం నువ్వు పెట్టిందే" అన్నాను.

"నేను పెట్టిందే కదా, తీసేస్తున్నా!"

"మధ్యలో తీసెయ్యడానికి లేదు. అదీ నువ్వు పెట్టిందే."

వాటీ పగలబడి నవ్వాడు. నినియన్ గ్లాసు తలకిందులు చేసి చివరి చుక్క నాలుక మీద రాల్చుకున్నాడు. అప్పుడు లేచి, రోజూ నిచ్చెనలెక్కే మనిషి కదా, అలవాటుగా కుర్చీ ఎక్కేశాడు. అకార్డియన్ ఆగింది.

"ఏడో నంబరు," అన్నాడు, "నలభై తొమ్మిది."

హాల్లో ఎవరి చేతిలోంచో పళ్లెం జారి పగిలింది. డాడ్ హిస్లప్ "నలభై ఎంతా?" అని అరిచాడు.

"నలభై తొమ్మిది! వినండి అందరూ! ఇది ఎవరు కాచారో నాకు తెలీదు. ఎవరైనా సరే, ముసలివాళ్లు కానీ, పొట్టివాళ్లు కానీ, నాలాంటి దరిద్రపు మొహమే కానీ, ఇది కాచిన మనిషిని నేను పెళ్లి చేసుకుంటా!"

హాలు ఒక్కసారిగా లేచింది.

"నాదే! ఏడు నాదే!" అంటూ డాడ్ గడ్డం సవరించుకుంటూ ముందుకొచ్చి కుర్చీ ముందు మోకాలి మీద కూర్చున్నాడు. "నినియన్, నేను సిద్ధం. మా ఆవిడ్ని అడగాలనుకో!" వాళ్లావిడ విసిరిన రొట్టె అతని వీపుకి తగిలింది.

"తప్పుకోరా, అది నాది" అంది ఎనభై నాలుగేళ్ల బీనీ కెయిర్న్స్, చేతికర్ర ఆడిస్తూ. "నా జన్మలో ఎప్పుడూ కాచలేదు, కానీ ఇవాళే మొదలెడతా. ఇంటికి మంచి కప్పు వేసే మగాడు దొరుకుతుంటే ఊరుకుంటానా?"

వాటీ కూడా చెయ్యెత్తాడు. "నాదనుకోండి. మాంసం ఊరికే వస్తుంది నినియన్, ఆలోచించుకో!"

ఇక వరస కట్టేశారు. పోస్టాఫీసు ఆవిడ, ఫుట్‌బాల్ జట్టు మొత్తం, సెలవులకి ఎక్కడి నుంచో వచ్చి పొద్దున వానకి హాల్లోకి దూరిన ఇద్దరు అపరిచితులు కూడా. నాకు నవ్వాగక వెనక్కి వెళ్లి తెర పట్టుకుని వేలాడుతున్నాను. తెర సందులోంచి అక్కని చూశాను. ముఖం ఆ బీరు కంటే ఎర్రగా ఉంది. నా వైపు చూసి తల అడ్డంగా ఆడించింది. చెప్పావంటే చంపుతానని దాని అర్థం.

కుర్చీ మీద నినియన్ కూడా నవ్వుతున్నాడు. నవ్వుతూనే ఖాళీ గ్లాసు మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆ నవ్వు మెల్లగా ఆగింది. గ్లాసు దించి, తన చొక్కా చెయ్యి ఎత్తి మోచేతి దగ్గర వాసన చూసుకున్నాడు. గ్లాసు వాసన చూశాడు. మళ్లీ చొక్కా. మెడ దగ్గర నుంచి చెవుల దాకా ఎరుపు పాకింది.

"ఇది నా చొక్కాల వాసన" అన్నాడు మెల్లగా.

"ఏవిటీ?" అంది బీనీ. ఆమెకు చెవుడు.

"నా చొక్కాల వాసన! ఎన్నేళ్ల నుంచో నేను తొడుక్కుంటున్న వాసన!" అతను తలెత్తి జనం మీదుగా టీ బాయిలరు వైపు చూశాడు. "సెంగా వీచ్. నువ్వు."

అందరి తలలూ ఒకేసారి వెనక్కి తిరిగాయి. దారి దానంతటదే తెరుచుకుంది. అక్క చేతులు కట్టుకునే ఉంది.

"అవును, నేనే. అయితే?"

నినియన్ కుర్చీ దిగబోయాడు, జీవితమంతా పైకప్పుల మీద బతికిన మనిషి, ఆ ఒక్క కుర్చీ మీద నుంచి జారి డాడ్ మీద పడ్డాడు. డాడ్ అతన్ని లేపి నిలబెట్టి, దుమ్ము దులిపి, మా అక్క వైపు ఒక్క తోపు తోశాడు. తోసిన తోపుకి ఆమె ఎదుటికొచ్చి ఆగాడు.

అక్క అతన్ని పై నుంచి కింది దాకా చూసింది. "ఒక మార్కు ఎక్కడికి పోయింది?" అంది.

"ఆ?"

"యాభైకి నలభై తొమ్మిది. ఆ ఒక్కటీ ఎందుకు తీసేశావ్? ఆలోచించి చెప్పు. పెళ్లి సంగతి తర్వాత."

అతను ఆలోచించేలోపే అకార్డియన్ పిల్ల గట్టిగా ఒక నాట్యపు బాణీ ఎత్తుకుంది. జనం రెండు వరసలు కట్టారు. చేతులు పట్టుకుని గిరగిరా తిరుగుతూ ఒకరి నుంచి ఇంకొకరికి మారే ఆ నాట్యం మా ఊళ్లో పెళ్లిళ్లలో వేసేది. నినియన్ ఎప్పుడూ ఆడి ఎరగడు. ఆ రోజు తప్పించుకునే సందు లేదు. బీనీ అతని మోచెయ్యి పట్టుకుని తిప్పింది, పోస్టాఫీసు ఆవిడ తిప్పింది, డాడ్ అయితే నేల మీద కాళ్లానకుండా తిప్పాడు. ప్రతి రెండు చుట్లకీ అతను మా అక్క చేతుల్లో పడుతున్నాడు. పడినప్పుడల్లా ఆమె, "మార్కు?" అంటోంది. అతను "ఉండు, చెబుతా!" అనేలోపు మళ్లీ ఎవరో లాక్కుపోతున్నారు. కళ్లు తిరిగి గోడకి ఆనుకుని నేను చూస్తుంటే, మొత్తం హాలే తిరుగుతున్నట్టుంది, నేను ఒక్క చుక్క తాగకపోయినా.

సాయంత్రం బస్సు కిక్కిరిసింది. జూన్‌లో మాకు పొద్దు త్వరగా పోదు. కొండల మీద ఎండ ఇంకా పచ్చగా పరుచుకుని ఉంది. వెనక సీట్లలో పాటలు, ఎవరికీ రెండో చరణం రాదు, అందుకని మొదటిదే మళ్లీ మళ్లీ పాడుతున్నారు. నినియన్ ఇల్లు హాలుకి నాలుగడుగుల దూరం, బస్సెక్కాల్సిన పనే లేదు. అయినా ఎక్కి, డ్రైవరు వెనక సీట్లో పోటీ బహుమతి కప్పు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అది అక్క కప్పే, ఆమె బస్సు నడుపుతోంది కదా, పట్టుకోమని ఇచ్చింది.

ఊరి బయట గొర్రెలు రోడ్డుకి అడ్డంగా నడుస్తుంటే బస్సు ఆగింది.

"ఇప్పుడు చెప్పు" అంది అక్క, అద్దంలో అతన్ని చూస్తూ.

బస్సంతా పాట ఆపేసింది. నినియన్ గొంతు సవరించుకున్నాడు. నా వైపు వేలు చూపించాడు.

"గ్లాసులో తక్కువ పోసింది. ఇంకాస్త పొయ్యమంటే పొయ్యలేదు. ఆ మార్కు మీ చెల్లెలిది."

నేను ఆ దెబ్బకి సీట్లోంచి లేచాను. "నేనా! నియమం పెట్టింది నువ్వయితే..." అంటుండగానే బస్సు అద్దాలు అదిరాయి. అక్క స్టీరింగు మీద తల ఆనించి నవ్వుతోంది. ఆ నవ్వు వెనక సీట్ల దాకా పాకి, బస్సు మొత్తం ఊగింది. గొర్రెలు బెదిరి రోడ్డు దిగి పరుగెత్తాయి.

"సరే" అంది కాసేపటికి కళ్లు తుడుచుకుని. "పెళ్లి చేసుకుంటానని నువ్వు తాగి, కుర్చీ ఎక్కి అన్నావ్. అలాంటివి నేను లెక్క చెయ్యను. మంగళవారం మా ఇంటికి రా. టీ ఇస్తా. నేల మీద నిలబడి, టీ తాగి అను. అప్పుడు చూద్దాం."

"కూర్చుని అనొచ్చా?"

"కూర్చుని అనొచ్చు."

మంగళవారం వచ్చాడు. కోటు వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, గోడ మీదుగా కేకేసే అలవాటు మాని, వీధి చుట్టూ తిరిగి ముందు తలుపు దగ్గరికొచ్చి బెల్లు కొట్టాడు. నేను తలుపు తీసి, వంటింట్లోకి చూపించి, మర్యాదగా పైకెళ్లినట్టు చప్పుడు చేసి, మెట్ల మీదే కూర్చున్నాను. తప్పే. మీరైతే వెళ్లేవారా?

వాన గురించి మాట్లాడాడు. చర్చి కప్పు మీద ఊడిన రాళ్ల గురించి మాట్లాడాడు. రెండో కప్పు పోయించుకున్నాడు. ఓట్స్ బిస్కెట్లు బాగున్నాయన్నాడు. మూడో కప్పు. నాకు మెట్ల మీద కాళ్లు తిమ్మిరెక్కాయి. తర్వాత ఏదో గొణిగాడు, నాకు వినపడలేదు. ఆ తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు. ఆపైన ఒక వింత ధ్వని, ఈల వేస్తున్నట్టు, ఎక్కిళ్లు పడుతున్నట్టు, ఎవరో ఊపిరందక గిలగిల్లాడుతున్నట్టు.

నేను పరుగెత్తుకెళ్లి తలుపు తోశాను. ఇద్దరూ బల్లకి చెరోవైపు కూర్చుని, నోట మాట రాకుండా నవ్వుతున్నారు. నినియన్ చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. అక్క ఎప్రాన్‌లో ముఖం దాచుకుంది.

"ఏమైందే?" అన్నాను.

"ఏం లేదు రోనా," అంది ఊపిరి పీల్చుకుంటూ. "ఇతను అడిగాడు. బ్రేకెయ్యి అని ఎప్పుడూ అరవనని ఒట్టు కూడా వేశాడు."

"మరి నువ్వేమన్నావ్?"

ఆమె చెప్పబోయి, అతని ముఖం చూసి, మళ్లీ నవ్వులో పడిపోయింది. చెయ్యి ఊపి నన్ను కూర్చోమంది. నేను కూర్చున్నాను. నాలుగో కప్పు టీ నేనే పోసుకున్నాను. ఎదురుచూద్దామనుకున్నాను గానీ, వాళ్లిద్దర్నీ చూస్తూ చూస్తూ నాకూ నవ్వొచ్చేసింది. చివరికి ఆమె సరేనన్న మాట ఎప్పుడందో, మా ముగ్గురిలో ఎవరికీ సరిగ్గా వినపడనే లేదు.